దింపుడు కల్లం దగ్గర ఆగిన జీపు

బాన్సువాడలో బోధన్ రోడ్డు పక్కన ఉన్న పండరి షెడ్డుకు బోర్డు లేదు. అవసరం కూడా లేదు. ఏ బండి మీద యజమానికి ఆశ చచ్చినా అది చివరికి అక్కడికే వస్తుంది. వానాకాలం. రేకుల మీద సన్నటి తుంపర. లోపల గ్రీజు వాసన, తడిసిన టైర్ల వాసన, పక్క హోటల్లో వేగుతున్న మిర్చీల వాసన. ప్రకాష్ పాత జీపు కింద వెల్లకిలా పడుకుని, తుప్పు పట్టిన బోల్టుతో కుస్తీ పడుతున్నాడు.

"ఇది తుప్పు కాదు కాకా, వ్యవస్థ. కదలమంటే కదలదు," అన్నాడు.

"గా వ్యవస్థ మీద జరంత డీజిల్ పొయ్యి. అదే కదుల్తది," అన్నాడు పండరి, బీడీ ముట్టించుకుంటూ. అరవై ఏళ్లు దాటిన మనిషి. మహారాష్ట్ర సరిహద్దు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. కోపం వస్తే మరాఠీలో తిడతాడు, లేకపోతే అసలు మాట్లాడడు.

ప్రకాష్‌ది ఫూల్‌సింగ్ తండా. నస్రుల్లాబాద్ దాటి లోపలికి పోతే వాగు వస్తుంది, వాగు అవతల తండా. ఆ వాగు మీద వంతెనకు మూడు ఎన్నికల్లో మూడుసార్లు కొబ్బరికాయ కొట్టారు. మూడు శిలాఫలకాలు ఒడ్డున వరసగా నిలబడి ఉన్నాయి. ఆ మూడు రాళ్లనూ వాగులో పడేస్తే ముసలోళ్లైనా కాళ్లు తడవకుండా దాటుతారు కదా అని ప్రకాష్ అనేవాడు. వాన పడితే అంబులెన్సు ఇవతలి ఒడ్డునే ఆగిపోతుంది. పోయినేడు పండుటాకులాంటి ముసలామెను కాదు, ఇరవై రెండేళ్ల బాలింతను మంచం మీద మోసుకొచ్చారు. ఒడ్డుకు చేరేసరికి మోస్తున్నది మనిషిని కాదని మోసేవాళ్లకు బరువును బట్టే తెలిసింది.

ఇప్పుడు ప్రకాష్ అక్క సోనికి నెలలు నిండుతున్నాయి. బీపీ ఎక్కువుంది, నొప్పులు మొదలైన గంటలో తీసుకురావాలని డాక్టరమ్మ చెప్పింది. గంటలో! ఆ మాట విని ప్రకాష్ నవ్వాడు. ఆ నవ్వులో నవ్వు లేదు.

అర్జీలు రాయడం ఆ రోజుతో మానేసి, వాగు దాటి అక్కను దవాఖానకు చేర్చడానికి ఈ పాత జీపు కొన్నాడు. 'దారి అడిగితే రాదు, తొక్కితే వస్తుంది' అని బానెట్ మీద ఎర్రరంగుతో రాశాడు. పండరి కూడబలుక్కుని చదివాడు.

"మంచిగ రాసినవ్ తమ్మీ. బ్రేకులు గూడ పడితే ఇంకా మంచిగుండు."

తండా వాట్సాప్ గ్రూపులో చందా అడిగితే అందరూ చేతులు జోడించిన బొమ్మలు పంపారు. ఆ బొమ్మలతో ఒక్క నట్టు కూడా రాదు. అందుకని బండి మొత్తం చెత్తలోంచే పుట్టుకొచ్చింది. స్ప్రింగు కమ్మి చెరుకు ట్రాలీది. రేడియేటర్‌కు నాలుగు చోట్ల మాట్లు. సీటుకు యూరియా సంచులు. డీజిల్ పైపు అతుకు దగ్గర సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించారు. నాలుగు చక్రాలకూ బలం అందే బండి కావడం ఒక్కటే దాని అసలు ఆస్తి.

దాన్ని అమ్మినవాడు మహిపాల్. వరి, చెరుకు, ఖద్దరు చొక్కా, ఎవరి పెళ్లయినా ముందు వరసలో కుర్చీ. ఎరువు బస్తాలు మోసిన బండి అని చెప్పాడు. వెనక నేలకు రెండు ఇనప పట్టాలు వెల్డింగ్ చేసి ఉంటే, బస్తాలు జారకుండా పెట్టించానన్నాడు.

పాత రంగు గీకుతుంటే ఆకుపచ్చ కింద తెలుపు వచ్చింది. తెలుపు కింద నీలం అక్షరాలు. ప్రకాష్ ఎమెరీ కాగితంతో ఇంకా రుద్దాడు. 'కుంఠ ర' అని తేలింది.

వైకుంఠ రథం.

ప్రకాష్ అక్కడే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "మహిపాలన్నా, నీ ఎరువు బస్తాలకు పేర్లుండెనా?"

అవతల దగ్గు, ఆ తర్వాత నవ్వు. "ఓ, గదా! దవాఖాన కాడికెల్లి ఊర్లకు శవాలు కొట్టిండు మా డ్రైవరు, ఒక ఆరేడేండ్లు. గరీబోళ్లకు సేవ తమ్మీ."

"కిరాయి డబుల్ తీసుకుని?"

"సచ్చినోడు వాపసు కిరాయి ఇయ్యడు గద," అన్నాడు మహిపాల్, తన చమత్కారానికి తనే మురిసిపోతూ ఫోన్ పెట్టేశాడు.

శవాల మీద కూడా పంట తీసే జాతి. ప్రకాష్ ఉమ్మేసి మళ్లీ ఎమెరీ కాగితం అందుకున్నాడు. కానీ పండరి లేచి నిలబడ్డాడు. బీడీ పారేశాడు.

"ఆరేడేండ్లు కొట్టిండట. మరి యాడన్న దింపిండా?"

"ఏంది కాకా?"

"దింపుడు కల్లం కాడ."

ప్రకాష్‌కు తెలియనిది కాదు. కాళ్ల బొటనవేళ్లు కలిపి కట్టిన శవాన్ని పాడె మీద మోసుకుపోతూ సగం దారిలో దించుతారు. చెవి దగ్గర నోరు పెట్టి పేరుతో మూడుసార్లు పిలుస్తారు. పలికితే ఇంటికి. పలకకపోతే కాటికి. ఆ మూడు పిలుపులతో మనిషికి, లోకానికి లెక్క తెగుతుంది.

"కిరాయి డ్రైవరు నడిమిట్ల ఎందుకు ఆపుతడు? సక్కగ గుట్టల పొంటి కొట్టుకపోయిండు. ఎవల్నీ దింపలే, ఎవల్నీ పిలువలే," పండరి గొంతు తగ్గింది. "వాళ్లు ఇంకా ఇనుకుంటనే ఉంటరు తమ్మీ, ఎవలన్న పిలుస్తరేమోనని. బండి ఖాళీగ తీస్కపో. కల్లం కాడ ఆపి, పట్టాలు కోసి ఆడనే పారేసి రా. తర్వాత నీ ఇష్టం."

"పట్టాలు పారేస్తే స్ట్రెచర్ ఎట్ల నిలబెట్టాలె? కొత్తయి నువ్విస్తవా?"

పండరి ఇంకో బీడీ ముట్టించుకున్నాడు.

"ఇగో కాకా, బతికున్నోళ్లకు రోడ్డు లేదు, సచ్చినోళ్లకు మర్యాదలా? భయం అనేది దొరలు కనిపెట్టిన పనిముట్టు," అన్నాడు ప్రకాష్. ఎక్కడో చదివిన వాక్యం. నోటికి బాగా తిరిగింది.

పట్టాలు అలాగే ఉన్నాయి. నులకమంచం కోళ్లు సగానికి కోసి వాటి మధ్య పెడితే, కొలత తీసినట్టు కూర్చుంది.

ఒక్క సంగతి మాత్రం ఇద్దరికీ అంతు చిక్కలేదు. రుద్రూర్ రోడ్డు మీద ఖాళీ బండి నడిపి చూస్తే, వెనక స్ప్రింగులు నిండు బరువుకు వంగినట్టు వంగి ఉన్నాయి. పండరి ఇంకో కమ్మి వేశాడు. అయినా లేవలేదు. పాత ఉక్కు, సత్తువ పోయింది, అంతే అన్నాడు ప్రకాష్. వెనక డీజిల్‌తో కడిగిన చోట రెండో రోజుకే వాడిన బంతిపూల వాసన వచ్చింది. దానికీ ఏదో కారణం చెప్పుకున్నాడు. కారణం చెప్పడం వాడికి ఎప్పుడూ కష్టం కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం దాటాక సోనికి నొప్పులు మొదలయ్యాయి. చెప్పిన తేదీకి పది రోజుల ముందు. బయట వాన. పొద్దు ఇంకా గుంకలేదు, కానీ మబ్బు దిగి తండా మొత్తం సాయంత్రంలా నల్లబడింది. సోనిని మంచం మీద పడుకోబెట్టి మంచాన్ని పట్టాల మధ్యకు తోశారు. పక్కన తల్లి హీరాబాయి కూర్చుంది. తండావాళ్లు చుట్టూ నిలబడి చూశారు. వాళ్ల ముఖాల్లో అదే చేతులు జోడించిన బొమ్మ.

"యాడీ, గట్టిగ పట్టుకో," అన్నాడు ప్రకాష్ తల్లితో.

వాగులో నీళ్లు ఎర్రగా ఉరుకుతున్నాయి. జీపు దిగింది. నీళ్లు బంపర్ దాకా వచ్చాయి, తలుపు సందుల్లోంచి కాళ్ల దగ్గరకు వచ్చాయి. చక్రాలు ఒకసారి జారాయి. మళ్లీ పట్టాయి. బండి మూలుగుతూ అవతలి గట్టెక్కింది. మూడు శిలాఫలకాలు పక్కనుంచి వెనక్కి పోతుంటే ప్రకాష్ స్టీరింగ్ మీద గుద్ది అరిచాడు. "చూడుండ్రిరా దొంగల్లారా! దాటినం!"

ఇంకో రెండు ఫర్లాంగులు పోయాక ఇంజన్ దగ్గింది.

మళ్లీ దగ్గింది.

ఆగిపోయింది.

సైకిల్ ట్యూబు అతుకు తడిసి వదులైంది. పైపులోకి గాలి పోయింది. ప్రకాష్‌కు వెంటనే అర్థమైంది. చేతిపంపు కొట్టి గాలి తీస్తే పది నిమిషాల పని. దిగాడు. బానెట్ ఎత్తాడు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. కప్పలు కూడా అరవడం లేదు. అప్పుడు కాళ్ల కింద ఏదో మెత్తగా తగిలింది. వంగి చూశాడు. నానిన పేలాలు. పక్కనే మసి పట్టిన కుండ పెంకులు. వానకు కడుక్కుపోయిన పసుపు. మనిషి పొడుగున్న చదును రాయి.

ఊరివాళ్ల దింపుడు కల్లం.

"ఈడ ఎందుకు ఆపినవ్?" హీరాబాయి లోపలి నుంచి గుసగుసగా అంది.

"నేను ఆపలే యాడీ. అదే ఆగింది."

తీగ విప్పాడు. పంపు కొట్టాడు. నురగ... నురగ... ఇంకా నురగే. అప్పుడే తల్లి అరిచింది. అరుపు కూడా కాదు, ఊపిరి చిరిగినట్టు.

"ప్రకాషా... అక్క కండ్లు తేలేసింది. పలుకుతలేదు. నిద్రవోనియ్యద్దని డాక్టరమ్మ చెప్పలే? పిలువు. పేరు వెట్టి పిలువు రా!"

వాడు పరుగెత్తాడు. వెనక తలుపు తెరిచాడు. బంతిపూల వాసన ముఖాన కొట్టింది. మంచం మీద సోని కదలకుండా ఉంది. చెంపలు చల్లగా ఉన్నాయి. వాడు ఏమీ ఆలోచించలేదు. ఎక్కడ ఆగారో, ఏం చేస్తున్నాడో ఆలోచించలేదు. ఆమె చెవి దగ్గర నోరు పెట్టాడు.

"సోనక్కా..."

వాన.

"సోనక్కా... ఇను..."

ఏమీ లేదు. తల్లి ఏడుపు కూడా ఆగింది.

"సోనీ..."

"ఆఁ..."

మెల్లగా. అలసిపోయిన గొంతు. ఎంతో సేపు కూర్చుని, కూర్చుని, చివరికి తన వంతు వచ్చిన మనిషి పలికినట్టు. సోని పెదవులు వాడి కళ్ల ముందే ఉన్నాయి. అవి కదలలేదు. గొంతు మంచం కింద నుంచి వచ్చింది. రెండు పట్టాల మధ్య నుంచి.

తర్వాత ఇంకోటి, మూల నుంచి. మగ గొంతు. "ఆఁ..."

ఇంకోటి. పసిగొంతు...

ఎవరని వాడు అడగలేదు. ప్రశ్నించు, ప్రశ్నించు అని ఊరూరా గోడల మీద రాసినవాడు ఆ ఒక్క ప్రశ్న అడగలేకపోయాడు. వెనక చక్రాల దగ్గర స్ప్రింగులు కిర్రుమన్నాయి. ఫుట్‌బోర్డు మీద ఎవరో కాలు పెట్టినట్టు బండి ఓ పక్కకు వంగింది. లేచింది. మళ్లీ వంగింది... లేచింది. అలా చాలాసార్లు. వాడు తల తిప్పలేదు. బురదలో మాత్రం చప్పుడు వినిపించింది. చప్... చప్... చప్...

ఆగింది.

అన్నాళ్లూ కుంగి ఉన్న జీపు వెనక భాగం జానెడు పైకి తేలి నిలబడింది.

సోని గట్టిగా ఊపిరి పీల్చింది. "చలి పెడుతుంది రా," అంది.

"పలికింది!" హీరాబాయి కూతురి తల ఒళ్లోకి లాక్కుంది. "చూసినవా, మూడో పిలుపుకు పలికింది నా బిడ్డ!"

ప్రకాష్ మళ్లీ పంపు దగ్గరికి పోయాడు. పంపులో ఇప్పుడు శుభ్రమైన డీజిల్ వస్తోంది. రోజూ నలుగురు తోస్తేగాని కదలని ఇంజన్ మొదటి సెల్ఫుకే అందుకుంది. దారంతా బండి దూదిలా తేలికగా పోయింది. అద్దంలో వెనక్కి చూడకూడదని వాడికి ఎవరూ చెప్పలేదు. వాడే చూడలేదు.

బాన్సువాడ చేరేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. దవాఖానలో నర్సు వందన ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. సోనిని లోపలికి తీసుకుపోయారు. తలుపులు మూసుకున్నాయి. ప్రకాష్ బల్ల మీద కూర్చుని గోడ మీది తెల్ల టైల్స్ చూస్తూ ఉండిపోయాడు. గెలిచాను అనుకున్నాడు. అక్క బతికింది. నాయకుడు వంతెన కట్టని వాగును ఒక తుక్కు బండి దాటింది. ఎవరికైనా ఫోన్ చేసి గట్టిగా చెప్పాలనిపించింది. ఎవరికీ చేయలేదు.

గంట తర్వాత వందన గుడ్డలో చుట్టిన బిడ్డతో వచ్చింది.

"ఆడపిల్ల. తల్లి మంచిగుంది, మాట్లాడుతుంది. ఇంకో అర్ధగంట లేటయితే కష్టముండె," అంది. ఎందుకో వెంటనే వెళ్లిపోలేదు. అక్కడే నిలబడింది.

హీరాబాయి మనవరాలిని అందుకుంది. బిడ్డ ఏడవడం లేదు. కళ్లు తెరుచుకుని ప్రకాష్ వైపు చూస్తోంది, తెలిసిన మనిషిని చూసినట్టు. ముసలామె మురిసిపోతూ వేళ్లు లెక్క పెట్టడానికి గుడ్డ తొలగించింది. చేతులు చూసింది. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె నవ్వు ఆగిపోయింది.

బిడ్డ కాళ్లు రెండూ నిటారుగా చాచి ఉన్నాయి. బొటనవేళ్లు రెండూ ఒకదానికొకటి గట్టిగా అంటుకుని ఉన్నాయి. రెండింటి చుట్టూ, ఒకే వరసలో, దారం బిగించి కట్టి ఇప్పుడే తెంపినట్టు సన్నటి నీలం గీత.

"పుట్టంగనే గట్లనే ఉండె," వందన మెల్లగా అంది. "నేనేం కట్టలే."

ప్రకాష్ ముందుకు వంగాడు. వెచ్చటి, మెత్తటి వేళ్లు. చిటికెనవేలు మధ్యకు పోనిచ్చి నెమ్మదిగా విడదీశాడు.

అవి మళ్లీ కలుసుకున్నాయి.

మళ్లీ విడదీశాడు...