పద్నాలుగు ఇరవై ఎనిమిదులు

"ఎన్ని లీటర్ల తొట్టి కావాలి?"

"పెద్దదేనండీ."

"పెద్దదంటే? ఏనుగు దిగుతుందా?"

చేపల షాపులో మొదటిసారి అడుగుపెట్టిన ఫిజిక్స్ లెక్చరరుకి దక్కిన స్వాగతం అది. కౌంటరు వెనక కూర్చున్నది ఓనరుగారి అమ్మాయి. కస్టమర్లు చాటుగా ఆమెకి పెట్టుకున్న పేరు ఇన్‌స్పెక్టరు. ఎదురుగా అనే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ పుట్టలేదు.

"వంద లీటర్లు. మూడొందల వాట్ల హీటరివ్వండి, నీళ్ళు తొందరగా వేడెక్కుతాయి."

"ఎక్కుతాయి. చేపలూ చక్కగా ఉడుకుతాయి. లీటరుకి ఒక వాటు చాలు. కాలేజీలో ఏం చెప్తారన్నారు?"

"ఫిజిక్సండీ."

"పాపం, పిల్లలు!"

వంద వాట్లది తీసి బల్ల మీద పెట్టి, వేళ్ళు మడుస్తూ పాఠం మొదలుపెట్టింది. "గాజు గొట్టం పూర్తిగా మునగాలి. ఫిల్టరు దగ్గర, నీళ్ళు కదిలేచోట పెట్టండి. వైరు సాకెట్ కంటే కిందికి వంగి ఉండాలి, లేకపోతే నీటిచుక్క వైరు పట్టుకుని తిన్నగా ప్లగ్గులోకి పోతుంది. నీళ్ళు మార్చేముందు ప్లగ్ తీసి పావుగంట ఆగండి. వేడి మీదున్న గొట్టానికి గాలి తగిలిందో, ఠప్పుమంటుంది. ఇదిగో థర్మామీటరు. ఊరికే ఇస్తున్నా."

అతను ఆమె మొహం చూస్తూ అన్నిటికీ తలాడించాడు. అన్నిటికీ తలాడించేవాళ్ళని ఆమె అస్సలు నమ్మదు.

"మరి ఆ నీలం డిస్కస్ చేపల జోడీ?"

"గోరంత ఉన్నప్పట్నుంచీ పెంచినవి. ఇదివరకు ఒక పెద్దమనిషి అంతా చూసుకుంటున్నానని అబద్ధం చెప్పి నా చేపలు ఆరింటిని చలికి చంపాడు. ఏడు రోజులు, రోజుకి రెండుసార్లు నీళ్ళ వేడి రాసి తీసుకురండి. ఇరవై ఎనిమిది డిగ్రీలు. అప్పుడు చూద్దాం."

అతను ఏడు రోజులు ఆగలేదు. రోజూ సాయంత్రం ఆరింటికి ఒక అనుమానంతో దిగేవాడు.

"చేపలు లేని తొట్టిలో లైటు వెయ్యాలాండీ?"

"ఎవరు చదువుకోవాలని?"

పేపరు చాటున నాన్న నవ్వు దాచుకునేవాడు. ఆరు దాటినా అతను రాకపోతే ఆమె గోడ గడియారాన్ని కూడా తిట్టేది.

ఎనిమిదో రోజు అతను నోట్‌బుక్ ఆమె ముందు పెట్టాడు. పద్నాలుగు అంకెలు. పద్నాలుగూ ఇరవై ఎనిమిదే.

ఆమె మొహం మాడిపోయింది. "ఏ నీళ్ళైనా పొద్దుటికీ సాయంత్రానికీ అర డిగ్రీ అయినా కదులుతాయి మాస్టారూ. ఒక్కపూట కూర్చుని పద్నాలుగూ రాసేశారా? మీరూ ఆ పెద్దమనిషి తమ్ముడే!"

"నేను అబద్ధం రాయలేదండీ," అన్నాడతను. నోట్‌బుక్ తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడో రోజు నాన్న పేపరు మడిచాడు. "తల్లీ, ఇవాళ గప్పీ చేపల మీద కూడా అరిచావు. తొట్టి దింపింది నేనే, ఇల్లు తెలుసు. వెళ్ళి చూసొద్దామా?"

"చేపల కోసమే."

"చేపల కోసమేనమ్మా."

అతని తల్లి తలుపు తీసి ఎగాదిగా చూసింది. "ఇన్‌స్పెక్టరువి నువ్వేనా అమ్మాయ్? రా, రా."

ముందుగదిలో అతను తొట్టి ముందు వంగి, హీటరు డయల్ మీది అంకె చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. ఇరవై ఎనిమిది. ఎవరూ అడగకపోయినా, ఇంకా రాస్తూనే ఉన్నాడు!

ఆమె తన థర్మామీటరు నీళ్ళలో ముంచింది. ఇరవై ఐదు.

"నేనిచ్చిన థర్మామీటరేది?"

అతను సొరుగులోంచి తీశాడు. ప్యాకెట్ కూడా విప్పలేదు. "మీరు మొట్టమొదట ఇచ్చింది కదా అని... దాచుకున్నాను."

"డయల్ మీద ఉన్నది మీరు అడిగిన వేడి మాస్టారూ! నీళ్ళలో ఎంతుందో దానికేం తెలుసు? నిజంగా ఫిజిక్సేనా చెప్పేది?"

తిట్టడానికి ఇంకేమైనా దొరుకుతుందేమోనని వెతికింది. గొట్టం పూర్తిగా మునిగే ఉంది. ఫిల్టరు పక్కనే ఉంది. వైరు ముద్దుగా కిందికి వంగి ఉంది. ఒక్క తప్పూ లేదు. అబద్ధం అసలే లేదు.

"ఈ హీటరు సరిగ్గా పనిచెయ్యట్లేదేమో, తీసి ఇచ్చేస్తానండీ," అంటూ అతను నీళ్ళలోకి చెయ్యి చాచాడు.

"చెయ్యి తియ్యండి! ముందు ప్లగ్. తర్వాత పావుగంట."

అతను ప్లగ్ తీశాడు. ఇద్దరూ నిలబడ్డారు. పావుగంట ఇంత పొడుగుంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది. ఏం చెయ్యాలో తోచక నోట్‌బుక్ తిరగేసింది. చివరి పేజీలో ఇంకో పట్టిక: సోమవారం నాలుగు, మంగళవారం ఏడు, బుధవారం రెండు.

"ఇవేంటి?"

"మీ తిట్లండీ. ఇవి మాత్రం నేను స్వయంగా కొలిచినవి. చూడండి, రోజూ మారుతున్నాయి కూడా."

"బుధవారం రెండేనా?"

"ఆ రోజు మీకు జలుబు. నాకు రాత్రి నిద్రపట్టలేదు."

"ఏడు పడ్డ రోజు ఇంట్లో ఒకటే పాటలు," అంది తల్లి, ఎవరూ అడక్కుండానే.

ఆమె అతని జేబులోంచి పెన్ను లాక్కుని, మంగళవారం ఏడు కొట్టేసి ఎనిమిది వేసింది. "ఇదీ తప్పే. మీరు షాపు మెట్లు దిగాక ఇంకోటి తిట్టాను."

"ఏమని?"

"అప్పుడే వెళ్ళిపోతున్నారని."

అతని మొహం ఎంత వెలిగిందంటే, తొట్టిలో లైటు దండగనిపించింది.

"మరి జోడీని ఇస్తారా?"

"నీళ్ళు కుదురుకునేదాకా నేనే రోజూ వచ్చి కొలుస్తాను. మీ మీద నాకు నమ్మకం లేదు."

"కుదురుకున్నాక?"

"అప్పుడూ ఉండదు."

నాన్న గోడ గడియారం చూసి గొంతు సవరించుకున్నాడు. "పావుగంట దాటినట్టుందే..."

"అది కాస్త ముందు నడుస్తుంది అన్నయ్యగారూ," అంది అతని తల్లి, కుర్చీ జరుపుతూ. "మీరు కూర్చోండి."