పసుపు పూసిన సమాధి

జేసీబీకి అడ్డంగా మనిషి నిలబడితే జేసీబీ ఆగుతుంది. ఆ సంగతి ఫణికృష్ణకు తెలుసు. దాంతోపాటు తన గుండె కూడా ఒక క్షణం ఆగుతుందని మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు.

మార్కాపురం నుంచి త్రిపురాంతకం పోయే రోడ్డు పక్కన, ఎండకు మాడిన చేలో, ఫణికృష్ణ తండ్రి కోటేశ్వరరావు వెంచర్ వేస్తున్నాడు. ఒకప్పుడాయన పలకల వ్యాపారి. పిల్లలు పలకలు వదిలేసి ఫోన్లు పట్టుకోగానే, ఆయన పలకలు వదిలేసి ప్లాట్లు పట్టుకున్నాడు. చేను మధ్యలో గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద రాళ్లున్నాయి. వాటిని పీకించమని కొడుకును పంపాడు.

"ఒక్క రాయి కదిలినా ఊరుకునేది లేదు," అంది అడ్డం నిలబడ్డ అమ్మాయి. తల మీద టోపీ, చేతిలో చిన్న బ్రష్షు.

"మా చేలో మా రాళ్లు మేడమ్. మీకేంది బాధ?"

"మీ రాళ్లా? మీ తాత పేర్చినాడా?"

"పేర్చినాడేమో. మా తాత ఖాళీగా కూర్చునే మనిషి కాదు."

నవ్వు కనబడకుండా ఆమె టోపీ కిందికి లాక్కుంది. ఆ నవ్వు ఫణికృష్ణ చూడనే చూశాడు.

పేరు యామిని. ఊరు గిద్దలూరు. యూనివర్సిటీలో పురావస్తు పరిశోధన చేస్తోంది. తవ్వకానికి పర్మిషన్ కాగితం తెచ్చేదాకా రాళ్లు ముట్టుకోవద్దని చెప్పి స్కూటీ ఎక్కింది.

"ముట్టుకుంటే?"

"మళ్లీ మీ మొహం చూడను."

ఫణికృష్ణ నిజంగా భయపడిపోయాడు. నాయనకు ఏమని చెప్పాలి? ఆయన దగ్గర చట్టమే పనిచేయదు, ఇక శాస్త్రమా! బాగా ఆలోచించి, మర్నాడు పొద్దున్నే ఒక పసుపు ప్యాకెట్, ఒక కుంకుమ ప్యాకెట్ కొనుక్కొచ్చి, అన్నిటికంటే పెద్ద రాయికి పూసి బొట్లు పెట్టాడు.

పసుపు పూసిన రాయిని పీకే డ్రైవరు ఆ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. జేసీబీ ఆంజనేయులు రాయిని చూడగానే ఇంజను ఆపి, చెప్పులు విడిచి, దండం పెట్టాడు.

ఎండెక్కేసరికి టెంకాయలొచ్చాయి. సాయంత్రానికి మైకొచ్చింది. స్వామి తన కలలోకి వచ్చినట్టు గొర్రెల కాపరి చెన్నయ్యకు ఆలస్యంగా గుర్తొచ్చింది. రేకుల షెడ్డు కోసం గుంతలు తవ్వడానికి ముగ్గు కూడా పోశారు.

కోటేశ్వరరావు కళ్లు చెమ్మగిల్లాయి. "ఇన్ని చేలుండంగా మన వెంచర్లోనే వెలిసినాడంటే ఊరికే కాదురా ఫణీ! బ్రోచర్లో టెంపుల్ వ్యూ అని వేయించు."

యామిని కాగితంతో వచ్చేసరికి అక్కడ భజన జరుగుతోంది.

"చెప్పులు ఆడనే ఇడువు తల్లీ," అన్నాడు చెన్నయ్య.

ఆమె ఫణికృష్ణను పక్కకు లాగింది. "ఎవరు చేసినారు ఇదంతా?"

"నేనే," అన్నాడతను మెచ్చుకుంటుందన్న ఆశతో. "రాళ్లు కాపాడినా కదా!"

"ఏం కాపాడినారు? ఇది సమాధి! రెండున్నర వేల ఏళ్ల కింద చచ్చిపోయినోళ్లను లోపల పెట్టి చుట్టూ రాళ్లు పేర్చినారు. మేం మట్టిని పొర తర్వాత పొర తీస్తాం. ఏ పొరలో ఏం దొరికిందో చూస్తేనే అది ఏ కాలందో తెలిసేది. మీ షెడ్డు గుంతలతో పొరలన్నీ కలిసిపోతాయి. జేసీబీ నుంచి కాపాడి భక్తులకు అప్పగించినారు!"

"మెల్లగా మేడమ్. సమాధి అని తెలిస్తే మా నాయన దగ్గర ఒక్కడు ప్లాటు కొనడు."

"చెదరని సమాధి ఒక్కటి దొరకాలని ఎన్ని గుట్టలెక్కినానో మీకేం తెలుసు?" ఆమె చేతిలోని కాగితం మడిచేసింది. "నిజం చెప్పే ధైర్యముంటే చెప్పండి. లేకుంటే నాతో మాట్లాడొద్దు."

ఆ తర్వాత రెండు రోజులు ఫణికృష్ణకు అన్నం సహించలేదు. నిజం చెబితే నాయన మునుగుతాడు. చెప్పకపోతే ఆ అమ్మాయి ఇక రాదు.

ఆదివారం షామియానా వేసి, భోజనాలు పెట్టి, ప్లాట్ల అమ్మకం మొదలుపెట్టారు. కోటేశ్వరరావు యామినిని కూడా పిలిపించి, "మన స్వామి ఎంత పురాతనమో మేడమ్ గారు సెలవిస్తారు," అని మైకు చాచాడు.

ఆమె లేచేలోపు ఫణికృష్ణ మైకు లాక్కున్నాడు.

"నాయనా, తిడితే నన్ను తిట్టు. పసుపు పూసింది నేను. ఇది గుడి కాదు, సమాధి."

సగం కుర్చీలు అక్కడికక్కడే ఖాళీ అయ్యాయి. మిగతా సగం భోజనాలు కాగానే ఖాళీ అయ్యాయి. "కలలో నాకు కూడా సరిగా కనపడలేదులే," అంటూ చెన్నయ్య గొర్రెలు తోలుకుపోయాడు.

కోటేశ్వరరావు కూలబడిపోయాడు. మాట్లాడింది ఆయన భార్య ఉమామహేశ్వరి. "ఏమైందిప్పుడు? ఎవరో పెద్దలకు దండం పెట్టినాం. పోనీండి, వాళ్లెవరో ఏందో ఆ పిల్లను చూడనీండి."

భార్య మాట మీద ఆయనకు అంతవరకు సొంత అభిప్రాయం లేదు. ఆ రోజూ లేదు.

తవ్వకం మొదలైంది. మట్టి తట్టలు మోసే పని ఫణికృష్ణ అడిగి మరీ తీసుకున్నాడు. "బ్రష్షు అట్ల కాదు, ఇట్ల," అని యామిని చేయి పట్టి చూపించిన రోజు, అతను కావాలనే నాలుగుసార్లు తప్పు చేశాడు. ఒకరోజు వాన వస్తే చెరో కొస పట్టుకుని గుంత మీద టార్పాలిన్ కప్పి, ఇద్దరూ పక్కనే నిలబడి తడిశారు. ఏదో చెబుదామని అతను నోరు తెరిచేలోపు వాన వెలిసింది. ఆ ప్రాంతపు వాన ప్రేమికుల కోసం ఎదురుచూసేది కాదు.

చివరికి కిందిపొరలో నాలుగు బండలు నిలబెట్టి కట్టిన రాతి గది బయటపడింది. అప్పటిదాకా అటు తొంగిచూడని కోటేశ్వరరావు వచ్చి, వంగి, బండ మీద వేలితో కొట్టి చూశాడు.

"ఒరే ఫణీ, మన పలకరాయిరా ఇది!" ఆయన బండను అరచేత్తో తుడిచాడు. "ఇన్ని వేల ఏళ్లయినా పగుల్లేదు. పలకల కాలం అయిపోయిందని నన్ను చూసి నవ్వినారు కదరా అందరూ! మేడమ్, దీని మీద కప్పు నేనేయిస్తా. గుంతలు ఎక్కడ తీయాలో మీరు చెప్పండి."

గది లోపల పక్కపక్కనే ఇద్దరి ఎముకలున్నాయి. ఫణికృష్ణ ఇక ఆగలేకపోయాడు.

"చూసినావా యామినీ, చచ్చినా విడిపోలేదు! నాకు కూడా నీతోనే..."

"మొగుడూ పెళ్లామని ఎవరు చెప్పినారు?" ఆమె తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "ల్యాబుకు పంపాల. అత్తాకోడళ్లయినా కావచ్చు."

ఫణికృష్ణ మొహం వాడిపోయింది.

క్యారేజీ తెచ్చి గట్టు మీద నిలబడిన ఉమామహేశ్వరి లోపలికి తొంగిచూసింది. "అత్తాకోడళ్లా? ఇంత ఇరుకు గదిలో, ఇన్నేళ్లూ సర్దుకున్నారా?" అని యామినిని ఆపాదమస్తకం చూసింది. "మా ఇల్లు దీనికంటే పెద్దదేనమ్మా. మనం సర్దుకోలేమా ఏంది?"

యామిని చేతిలో బ్రష్షు ఆగింది. అన్నాళ్లూ ఉమామహేశ్వరిని ఆంటీ అని పిలిచిన పిల్ల, టోపీ తీసి, ఫణికృష్ణ వైపు ఒకసారి చూసి నవ్వింది. ఈసారి ఆ నవ్వును దాచుకోలేదు.

"సర్దుకుందాంలే అత్తా," అంది.