బూడిదరంగు తెర

ఈ సంగతి నాకు చెప్పినవాడు ఆ నాటకశాలలో జీవితమంతా దీపాలు వేసిన లైట్ల మేస్త్రి. అబద్ధమాడే మనిషి కాడు. అలాగని నిజాన్ని ఉప్పూ కారం లేకుండా వడ్డించే అలవాటూ లేదు. కనుక అతడు చెప్పినదాంట్లో నేను నమ్మినంత మేరకే ఇక్కడ మనవి చేస్తున్నాను.

ఆ శాలలో వేదికకు ఎడమ పక్కనున్న నల్ల తెరకు చెడ్డపేరు. దాని చాటున నిలబడి నటులకు మాట అందించే ఆవిడ, ఒకనాటి రాత్రి సగం వాక్యం చెప్పి... కుప్పకూలి ప్రాణం విడిచింది. మిగతా సగం ఎవరూ వినలేదు. అప్పటినుంచి ఆట ముగిశాక ఆ పక్కకు ఒంటరిగా వెళ్లినవారు లేరు. మాట అందించే పనికి ఒప్పుకున్నవారూ లేరు.

ఆవిడ భర్తే ఆ బృందంలో పెద్ద నటుడు. ఆయన గొంతుకు ఆపరేషను నిశ్చయమైంది. ప్రాణం నిలుస్తుంది, గొంతు నిలవదు — అన్నాడు డాక్టరు. మిగిలినవి రెండే ఆటలు. ఆ గొంతును వీడియోలో పట్టి ఉంచే బాధ్యత అల్లుడి నెత్తిన పడింది. అతడి వృత్తే అది. అత్తగారిని మాత్రం అతడు ఫొటోలో తప్ప చూసి ఎరుగడు.

మొదటి ఆట అమోఘంగా సాగింది. మామగారు ఒక్క మాట తడబడలేదు. అందరూ వెళ్లాక అల్లుడు ఆ ఖాళీ శాలలోనే కంప్యూటరు తెరిచాడు...

నల్ల తెర బూడిదరంగులో ఉంది.

ఆ బూడిదలో — ఎవరో నిలబడి ఉన్నారు. సన్నని ఆకారం. తల కాస్త వంచి... చదువుతున్నట్టుగా.

అతడికి భయం కంటే ముందు చిరాకు వచ్చింది. వీడియోలో నలుపుకు రెండు కొలతలు: పూర్తి పరిధిలో అది సున్నా దగ్గర మొదలవుతుంది, పరిమిత పరిధిలో పదహారు దగ్గర. ఒక కొలతలో పట్టి ఇంకో కొలతలో చూపితే నలుపు కాస్తా బూడిద. పైగా చోటు కలిసివస్తుందని, వీడియోను కుదించి రాసే కోడెక్‌ను మరీ పొదుపుగా బిగించాడు. పిసినారి కోడెక్ చీకటి మూలలను మళ్లీ మళ్లీ రాయదు. ఎవరైనా దాటిపోయినా వారి మరక అక్కడే ఉండిపోతుంది. ఇదీ ఏ పనివాడి మరకో — అని తనకు తానే నచ్చజెప్పుకుని, పరిధి మార్చాడు. తెర నల్లబడింది. వెనక్కి మార్చాడు.

ఆమె అక్కడే ఉంది.

పిలవడానికి వచ్చిన భార్య అతడి భుజం మీదుగా చూసి కొయ్యబారింది.

"చెరిపేయండి," అంది గొంతు తగ్గించి. "నాన్న చూస్తే తట్టుకోలేడు. బంధువుల పెళ్లి వీడియోలో నన్ను సున్నం కొట్టిన గోడలా తీసినప్పుడే అనుకున్నాను, ఈ పని మీవల్ల కాదని."

రెండో ఆట ఉంది కదా అన్న ధైర్యంతో చెరిపేశాడు.

ఈసారి పట్టేచోటా చూపేచోటా ఒకే పరిధి పెట్టాడు. కోడెక్ పిసినారితనం మాన్పించాడు. తెర కాటుకలా వచ్చింది. కానీ మూడో అంకంలో మామగారు ఆగిపోయారు. ఎడమకు తిరిగి... చెవి ఒగ్గి... నిలబడ్డారు. చివరకు అందని ఆ వాక్యాన్ని మింగేసి, తర్వాతిది అందుకున్నారు.

బొమ్మ కుదిరిన రోజున ఆట చెడింది. అల్లుడు పళ్లు నూరాడు.

ఆపరేషనుకు ముందురోజు ఆసుపత్రి గదిలో, భార్య పక్కన ఉండగా, ఆ రికార్డింగు చూపించాడు. మామగారు సాంతం చూసి, సైగతో దగ్గరకు పిలిచారు.

"నలుపు బాగా వచ్చింది, అల్లుడుగారూ," అన్నారు, వినీవినబడకుండా. "ఇక మొదటి రోజుది పెట్టండి."

అది పాడైపోయిందని అల్లుడు నసిగాడు.

"పాడైతే అయింది... మీ అత్తయ్య వచ్చింది ఆ రోజే కదా. రెండో రోజు రాలేదు. ఆ వాక్యం దగ్గర తన మాట కోసం ఎంతసేపు ఎదురుచూశాను..."

తెరలోని ఆకారం సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆపరేషను బాగానే జరిగింది. మామగారు చాలాకాలం జీవించారు — మాట లేకుండా. బృందం చెదిరిపోయింది, లైట్ల మేస్త్రి దీపాలు వేయడం మానుకున్నాడు. కూతురు ఆ వీడియో మరి ముట్టలేదు. అల్లుడు మాత్రం, మామగారు పోయాక, అప్పుడప్పుడూ రెండో ఆట తెరిచి, కావాలనే తప్పుడు పరిధి పెడతాడట. తెర బూడిదవుతుంది... ఖాళీగా. మామగారు ఎడమకు తిరిగి, చెవి ఒగ్గి, నిలబడే ఉంటారు.