లోవలక్ష్మి చంద్రుడు

పొద్దున్న ఏడింటికల్లా మన్మథరావు మాస్టారి వరండాలో ఎవరో ఒకరు కూర్చుని ఉండటం నర్సీపట్నంలో ఆ వీధివాళ్ళకి కొత్త కాదు. లెక్కల మాస్టారుగా రిటైరై నాలుగేళ్ళయింది. గొలుగొండ దగ్గర చెరకు పండించే ఇంట్లో పుట్టినవాడికి పంచాంగం ఎందుకని మొదట్లో నవ్వినవాళ్ళే ఇప్పుడు పిల్లలు పుట్టిన టైము కాగితం మీద రాసుకుని వస్తున్నారు. ఆయన ఎవరి దగ్గరా పైసా ముట్టుకోరు. పొగడ్త మాత్రం ఎంత పోసినా వద్దనరు.

ఆ రోజు వచ్చినవాడు పాలకేంద్రం అప్పలరాజు. మనవడి జాతకం చూపించుకుంటున్నాడు.

“లగ్నం ఒంటికి, చంద్రుడు మనసుకి” అన్నారు మాస్టారు కళ్ళజోడు సవరించుకుంటూ. “మీవాడికి చంద్రుడు వృషభంలో, ఉచ్చలో ఉన్నాడు. కడుపు నిండితే చాలు, లోకంతో పేచీ లేదు. అదే మేషంలో ఉండి ఉంటే ఈపాటికి మీ ఇంట్లో ఒక్క గాజుగ్లాసు మిగిలేది కాదు.”

“అచ్చం సూసినట్టు సెప్పేరు మాస్టారూ! మరి చంద్రుడు దేన్లో ఉంటే మంచిది కాదండీ?”

“వృశ్చికంలో. అక్కడ నీచపడతాడు. మనసుకి నిలకడ ఉండదు, ప్రతిదానికీ భయం, కంగారు. మా అమ్మాయిది అదే” అని ఆయన గొంతు తగ్గించారు. తగ్గించినా వంటింట్లోకి వినపడింది.

లోవలక్ష్మి కాఫీ కలుపుతూ ఆ మాట విన్నది. ఇరవై నాలుగేళ్ళుగా వింటూనే ఉంది. ఆ చంద్రుడి పేరు చెప్పి చిన్నప్పుడు మేడ ఎక్కనివ్వలేదు. సైకిలు కొననివ్వలేదు. మామ్మ పోయినప్పుడు భయపడుతుందని పక్కింట్లో కూర్చోబెట్టారు. ఏడిస్తే చంద్రుడి ప్రభావం అనేవారు. ఏడవకపోతే లోపల దాచుకుంటోందనీ, అదీ చంద్రుడి ప్రభావమేననీ అనేవారు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదువుతానంటే మాత్రం ఎందుకో ఒప్పుకున్నారు. ఇంట్లో ఫ్యాన్లు బాగుచేస్తుందిలే అనుకున్నారు.

అప్పలరాజు వెళ్ళాక ఆమె కాఫీ గ్లాసు తెచ్చి తండ్రి పక్కన పెట్టింది. కదలకుండా అక్కడే నిలబడింది.

“నాన్నా, నీకో మాట సెప్పాలి. రేపు నాకు పోల్ టెస్టు ఉంది.”

“ఏ పోలు?”

“కరెంటు పోలు. ఎనిమిది మీటర్లు. ఎక్కి దిగితే లైన్‌మన్ ఉద్యోగం.”

మాస్టారు కూతురి మొహం చూడలేదు. పంచాంగం తీశారు. వేలు ఒక గడి దగ్గర ఆగింది.

“రేపు చంద్రుడు మిథునంలో ఉంటాడు. నీ రాశికి ఎనిమిదో ఇల్లు. చంద్రాష్టమం! గడప దాటడానికే వెనకాడే రోజున స్తంభం ఎక్కుతావా? ఎల్లడానికి వీల్లేదు.”

“రెండు నెలల్నుంచి భీమన్న మావయ్య దగ్గర నేర్చుకుంటన్నాను నాన్నా. ముప్పయ్యేళ్ళు లైన్లో పనిచేసినోడు. నేను ఎక్కగలనని ఆయనే అన్నాడు.”

“రెండు నెలలా! సత్యా, నీకు తెలుసా ఇది?”

వంకాయలు తరుగుతున్న సత్యలక్ష్మి కత్తిపీట మీంచి తలెత్తలేదు. “నాకు తెలీకుండా ఎలాగుంటాది? రోజూ టిపినీ కట్టి పంపించేది నానే.”

ఇక మాస్టారికి కోపం ఆగలేదు. “తల్లీకూతుళ్ళు కలిసి నాకు పంగనామాలు పెడతారా? దీని మనసు ఎలాంటిదో మీకేం తెలుసు? బుధవారం రాత్రి రెండుంబావుకి పుట్టింది. అనూరాధ ఒకటో పాదం. నీచ చంద్రుడు. సగం పోలు ఎక్కాక కిందికి చూస్తుంది, చేతులు వదిలేస్తుంది!”

సత్యలక్ష్మి చేతిలో వంకాయ అలాగే ఉండిపోయింది.

“బుధారం రాత్రేటండీ? ఇది పుట్టింది మంగళారం రాత్రి కదా.”

మాస్టారు జాలిగా నవ్వారు. లోపలికెళ్ళి ట్రంకుపెట్టెలోంచి, పచ్చబడిన చీటీ ఒకటి తెచ్చారు. ఆసుపత్రి నర్సు రాసిచ్చిన చీటీ. ‘బుధవారం, రాత్రి 2.15’ అని స్పష్టంగా ఉంది.

“నర్సమ్మకి పన్నెండు కొడితే రోజు మారిపోద్దండీ” అంది సత్యలక్ష్మి. “మంగళారం పొద్దున్న పుట్టింట్లో నొప్పులొస్తే మావోళ్ళే యలమంచిలి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ రాత్రే పుట్టింది. బుధారం పగలంతా దీన్ని పక్కలో ఏసుకుని గుమ్మంకేసి సూస్తా కూకున్నాను. పరీక్షల డ్యూటీ అని మీరు గురారం వొచ్చారు. వొచ్చినోరు పిల్లని సూడకుండా ముందు చీటీ అడిగారు.”

మాస్టారు చీటీ మళ్ళీ చదివారు. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. బుధవారం రాత్రి రెండుంబావు అంటే ఆయన లెక్కలో గురువారం తెల్లవారబోయే ముందు. నర్సు రాసింది బుధవారం తెల్లవారబోయే ముందు. సరిగ్గా ఒక రోజు తేడా. ముప్పయ్యేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి సొంత కూతుర్ని ఒక రోజు ఆలస్యంగా పుట్టించాడు.

“ఇన్నేళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదేం?”

“మీరెప్పుడూ నచ్చత్రాలూ పాదాలే గానీ వారం మాట ఎత్తారా? కన్నది నాను. నన్నెప్పుడన్నా అడిగారా?”

ఆయన కూతురు పుట్టిన ఏటి పాత పంచాంగం వెతికి బల్ల దగ్గర కూర్చున్నారు. రెండుసార్లు వేసి చూశారు. మూడోసారి పెన్ను పడేసి లేచారు.

“విశాఖ ఒకటో పాదం! తులారాశి! నిదానం, ఆలోచన, ఎటూ తూలని మనసు! చంద్రాష్టమం నీకు రేపు కాదే తల్లీ, మొన్ననే వచ్చి నిన్నటితో పోయింది! ఎల్లు, నిక్షేపంగా ఎల్లు! నేను చెబుతున్నాను!”

లోవలక్ష్మి మొహంలో సంతోషం కనబడలేదు.

“నేనెల్లను నాన్నా.”

“అదేమిటే?”

“మొన్న చంద్రాష్టమం అన్నావు కదా? మొన్ననే నేను మొదటిసారి పోలు చివరిదాకా ఎక్కాను. ఇందాక నేను పిరికిదాన్ని. గంట తిరక్కుండా ధైర్యవంతురాలినైపోయాను. ఈ గంటలో నేను చేసిందేటి? నీకు కాఫీ ఇచ్చాను, అంతే. ఇందాక వద్దన్నది కాగితం, ఇప్పుడు ఎల్లమన్నదీ కాగితమే. మరి మధ్యలో నువ్వెక్కడున్నావు? నన్ను చూసి పంపించు నాన్నా. లేకపోతే నాకీ ఉద్యోగం వద్దు.”

ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

మాస్టారు వరండాలో కూలబడ్డారు. ఎవరో జాతకం కోసం వస్తే ఇవాళ కుదరదని పంపేశారు. కోపం తెచ్చుకుందామని చూశారు గానీ రాలేదు. కూతురే గుర్తొచ్చింది. పెద్ద తుఫానుకి ఊరంతా చీకటైనప్పుడు, పదమూడేళ్ళ పిల్ల వీధిలో పనిచేస్తున్న లైన్‌మన్లకి బిందెతో మంచినీళ్ళు మోస్తూ సాయంత్రం దాకా వాళ్ళనే చూస్తూ నిలబడింది. ఆయనకి గుండెనొప్పి వచ్చిన రోజు సత్యలక్ష్మి ఏడుస్తూ కూర్చుంటే, ఆటో పిలిచి, ఆసుపత్రిలో సంతకాలు పెట్టి, ఆయన చెయ్యి వదలకుండా ఉన్నది ఈ పిల్లే. అప్పుడు కుజుడు బలంగా ఉన్నాడని సరిపెట్టుకున్నారు. ఆమె ధైర్యం చేసిన ప్రతిసారీ ఆ గొప్పంతా ఏదో ఒక గ్రహానికి ఇచ్చారు. పిల్లకి మాత్రం ఒక్కసారీ ఇవ్వలేదు. ఆ సంగతి తట్టేసరికి ఆయనకి సిగ్గేసింది.

మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

“లోవా, తప్పు నాది. ఒక్క రోజు లెక్క గురించి కాదు నేననేది. ఇరవై నాలుగేళ్ళు నిన్ను పక్కన పెట్టుకుని పుస్తకంలో వెతికాను. నువ్వు పోలు ఎక్కగలవు. నీది ఏ రాశైనా ఎక్కగలవు. నా ప్రాణం కాపాడినదానివి, నాకు తెలీదా? నేనే దగ్గరుండి తీసుకెళ్తాను. తల్లీ, వస్తావా?”

లోవలక్ష్మి తండ్రి భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. సత్యలక్ష్మి కొంగుతో కళ్ళు ఒత్తుకుని, “బేగి అన్నానికి లెగండి, కూర సల్లారిపోతంది” అని ఇద్దర్నీ కసిరింది.

మర్నాడు సబ్‌స్టేషన్ పక్క మైదానంలో వంద మందికి పైగా మగపిల్లలున్నారు. ఆడపిల్లలు ముగ్గురే. మాస్టారు సున్నపు గీత అవతల నిలబడ్డారు. లోవలక్ష్మి పేరు పిలిచారు. ఆమె నడుముకి బెల్టు బిగించుకుని, దాని తాడు పోలు చుట్టూ వేసి, పోలుకి దండం పెట్టి ఎక్కడం మొదలుపెట్టింది.

సగం దూరంలో కాలు జారింది. చుట్టూ జనం “అయ్యో” అన్నారు. మాస్టారు కళ్ళు మూసుకోలేదు. ఆమె అక్కడే ఆగింది. ఒక్కసారి కిందికి చూసింది, తండ్రి ఎక్కడున్నాడో చూసుకుంది. చేతులు వదలలేదు. తాడు మళ్ళీ బిగించి, నిదానంగా ఒక్కో అడుగూ వేసి పైదాకా వెళ్ళింది. అక్కడ తీగ కట్టే తెల్లటి పింగాణీ కప్పుని తాకి చెయ్యి పైకెత్తింది.

మాస్టారు గీత దాటి లోపలికి పరిగెత్తారు.

“పెద్దాయనా, గీత ఎనకాల ఉండండి!” అని అరిచాడు విజిల్ పట్టుకున్న ఆఫీసరు.

“మా అమ్మాయండీ!”

“అయితే ఏటండీ, రూలు రూలే కదా!”

“మా అమ్మాయండీ!” అన్నారాయన మళ్ళీ, మైదానమంతటికీ వినపడేలా. కన్నీళ్ళు చొక్కా మీదకి కారుతున్నా తుడుచుకోలేదు. రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొడుతూనే ఉన్నారు. చూసి చూసి ఆ ఆఫీసరు విజిల్ జేబులో పెట్టుకుని తనూ చప్పట్లు కొట్టాడు.