నాలుగో గుడ్డ

ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట, "పేషెంట్ బతుకుతాడా?"

అప్పుడు నేను నడుము దాకా కారు బానెట్ లోపల ఉన్నాను. ఎవరా అని తల ఎత్తబోయి బానెట్‌కి గట్టిగా కొట్టుకున్నాను.

"బతుకుతుందండీ. చిన్న రిపేరే," అన్నాను తల రుద్దుకుంటూ.

"ఇప్పుడు నేనడిగేది కారు గురించి కాదు, మీ తల గురించి. ఏదీ, రక్తం వస్తోందా?"

రక్తం రాలేదు. ఆ సంగతి తేలాక ఆమె ముఖంలో జాలి కూడా పోయింది.

"అయితే మీ సామాను తీయండి. నా స్కూటర్ బయటికి రావాలి."

మా బిల్డింగ్ కింద పార్కింగ్‌లో సరిగ్గా ఆమె స్కూటర్ వెనకాల నేను దుప్పటి పరిచాను. దాని మీద ఇంజన్ నుంచి విప్పిన బోల్టులు, క్లిప్పులు, పైపులు ఉన్నాయి.

"అది సామాను కాదండీ. వరస. ఏ వరసలో విప్పానో అదే వరసలో బిగించాలి. కదిపితే మొత్తం పోతుంది."

"నా డ్యూటీ కూడా పోతుంది. ఆ రెండు కొసలు మీరు పట్టుకోండి, ఈ రెండు నేను పట్టుకుంటా. వన్, టూ, త్రీ అనగానే లేపాలి. కుదపకూడదు."

లేపాం. పక్కకి జరిపి దించాం. ఒక్క వాషర్ కూడా చోటు మారలేదు.

"ఇది ఎక్కడ నేర్చుకున్నారు?"

"రోజూ మనుషుల్ని ఇలాగే స్ట్రెచర్ మీదకి మారుస్తాం. వాళ్ళు మూలుగుతారు. మీ బోల్టులు నయం."

ఆమె పై అంతస్తులో వాళ్ళ పిన్నితో ఉంటుంది. ఆపరేషన్ థియేటర్‌లో నర్సు. ఆస్పత్రిలో అందరూ ఆమెను సిస్టర్ అనే పిలుస్తారట. ఆ క్షణం నుంచి ఆ మాట నా నోట రాకుండా జాగ్రత్తపడ్డాను.

వెళ్ళబోతూ ఆమె ఇంజన్‌లోకి తొంగిచూసింది. "ఆ నీలం గుడ్డలేంటి?"

ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పాను. అంటే ఇంజన్‌కి గాలి పంచే గొట్టాల చట్రం. అది తీస్తే ఇంజన్‌కి నాలుగు నోళ్ళు తెరుచుకుంటాయి. వాటిలో దుమ్ము పడకూడదని, నా పాత ఇంటర్వ్యూ చొక్కా చింపి గుడ్డలు కుక్కాను.

"నాలుగు నోళ్ళు, నాలుగు గుడ్డలు," అన్నాను.

"గుర్తుపెట్టుకోండి ఆ లెక్క," అని హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయింది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మెకానికల్ ఇంజనీరింగ్. ఉద్యోగంలో కంప్యూటర్ మీద పంపుల బొమ్మలు గీస్తాను. నిజమైన ఇంజన్ మీద చెయ్యి వేయడం అదే మొదలు. మా నాన్న ఒక కంపెనీలో డ్రైవర్. మర్నాడు ఆయన డ్యూటీకి ఆఖరి రోజు. జీవితమంతా ఎవరికో ఒకరికి వెనక డోరు తీసిన మనిషి. ఆ రోజు మన సొంత కారుతో గేటు దగ్గరికి వస్తాననీ, వెనక సీట్లో కూర్చోబెట్టి ఇంటికి తీసుకొస్తాననీ మాటిచ్చాను.

"ముందు దాన్ని స్టార్ట్ అవనీ," అన్నాడు నాన్న.

నేను కొన్న పాత కారు అది. సిగ్నల్ దగ్గర ఆగితే దగ్గుతూ ఆగిపోతుంది. మానిఫోల్డ్ కింద అతుకు మూసే పల్చటి పట్టీ, గాస్కెట్, ఎండిపోయి గాలి లీకవుతోందని కనిపెట్టాను. కొత్త గాస్కెట్ కొన్నాను. మెకానిక్‌ని పిలుద్దామని నాన్న అంటే, మరి నేను చదివిందెందుకు అన్నాను. ఆయన వెంటనే సరే అన్నాడు. అదే నా భయం.

సాయంత్రం వాన మొదలైంది. గుడ్డలు బయటికి లాగేసి, కొత్త గాస్కెట్ పెట్టి, మానిఫోల్డ్ కూర్చోబెట్టి బోల్టులు బిగిస్తున్నాను. ఆమె తడిసి ముద్దయి వచ్చింది. స్కూటర్ పెట్టి, హెల్మెట్ అద్దం తుడుచుకుంటూ నా పక్కన నిలబడింది. ఆమె జడ చివర నుంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కా నా టూల్‌బాక్స్‌లో పడుతున్నాయి. స్పానర్లు తుప్పు పడతాయి. అయినా టూల్‌బాక్స్ పక్కకి జరపలేదు.

"మధ్య బోల్టు ముందు బిగించారే?"

"మధ్యలోంచి చివరలకి రావాలి. లేకపోతే ఒక పక్క లేస్తుంది."

"మేం కుట్లు కూడా కొన్నిటికి అలాగే వేస్తాం," అంది. చాలా సేపు ఇద్దరం కుట్ల గురించి, బోల్టుల గురించి మాట్లాడుకున్నాం. అంత మంచి సాయంత్రం నాకు అంతకు ముందు లేదు.

ఆఖరి బోల్టు బిగించి, "అయిపోయింది," అన్నాను.

"కౌంట్?"

"ఏం కౌంట్?"

"కుట్లు వేసే ముందు మా దగ్గర అన్నీ లెక్కపెడతాం. కత్తెరలు, గుడ్డలు, సూదులు. లెక్క తేలకపోతే మూయనివ్వం."

నవ్వుతూ లెక్కపెట్టాను. స్పానర్లు సరిపోయాయి. బోల్టు ఒక్కటీ మిగల్లేదు. గుడ్డలు మూడే ఉన్నాయి.

"నాలుగోది?"

"గాలికి ఎగిరిపోయుంటుంది."

"మా సర్జన్లూ ఇదే అంటారు."

"నేను నా చేత్తో తీశానండీ!"

"వాళ్ళూ వాళ్ళ చేత్తోనే తీస్తారు. విప్పి చూడండి."

పొద్దున్నించి వంగి వంగి నా నడుము పట్టేసింది. చీకటి పడుతోంది. "మీరు నర్సు, ఇది ఇంజన్. ఇందులో ఇంజనీర్‌ని నేను," అనేశాను.

అన్న వెంటనే ఆ మాట నాకే నచ్చలేదు. ఆమె హెల్మెట్ స్కూటర్ హ్యాండిల్‌కి తగిలించింది.

"సరే. స్టార్ట్ చేసుకోండి ఇంజనీరు గారూ," అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

తాళం పెట్టాను. తిప్పలేదు. ఆ నీలం గుడ్డ లోపలుంటే ఇంజన్ దాన్ని పీల్చేస్తుంది. ఆ తర్వాత రేపు నాన్న గేటు దగ్గర నిలబడి బస్సు కోసం చూస్తాడు.

ఇంటికి వచ్చాక నాన్న అడిగాడు. "స్టార్ట్ అయిందా?"

"రేపు పొద్దున చేస్తా."

"ఎవరు ఆపారు?"

"పై అంతస్తులో ఒకావిడ."

నాన్న కంచం ముందుకి జరుపుకున్నాడు.

పొద్దున్నే ఆఫీసుకి సెలవు చెప్పి, మళ్ళీ అంతా విప్పాను. టార్చ్ వేసి నాలుగు నోళ్ళూ వెతికాను. ఏమీ లేదు. అద్దంలా శుభ్రంగా ఉంది. నలిగిన గాస్కెట్ మళ్ళీ వాడకూడదని ఇంకోటి కొనడానికి వెళ్తే షాపాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నిన్ననేగా తీసుకెళ్ళావు? ఏం చేశావు, తిన్నావా?"

తిరిగి వచ్చేసరికి ఆమె స్కూటర్ దగ్గర నిలబడి ఉంది. ఒక చేతిలో హెల్మెట్. ఇంకో చేతిలో నీలం గుడ్డ.

"హెల్మెట్ లోపలుంది," అంది. "నిన్న దీంతోనే అద్దం తుడిచి, అలవాటుగా లోపల పెట్టేశాను."

నేను గుడ్డని చూశాను. ఆమె విప్పిన ఇంజన్‌ని చూసింది.

"మళ్ళీ విప్పారా?"

"విప్పాను."

"నా మాట మీదేనా?"

"ఇంకెవరూ చెప్పలేదండీ."

ఆమె హెల్మెట్ స్కూటర్ సీటు మీద పెట్టింది. "లెక్క తేలలేదని నేను అంటే థియేటర్‌లో అందరూ కసురుకుంటారు. గడియారం చూపిస్తారు. విప్పాల్సి వస్తే ఆ రోజంతా నా మొహం చూడరు."

"నిన్న నేనూ కసురుకున్నాను కదా. అలా అనకూడదు. తప్పు."

"కసురుకున్నా, స్టార్ట్ చేయలేదు," అంది. తర్వాత ఫోన్ తీసి, ఎవరితోనో డ్యూటీ మార్చుకుంది. చున్నీ నడుముకి బిగించి, టార్చ్ అందుకుంది. "పట్టండి. మధ్య బోల్టు ముందు."

ఈసారి ప్రతి బోల్టూ ఆమె అందించింది, నేను అడగకముందే. మూసే ముందు ఆమె కౌంట్ అడగలేదు. నేనే పైకి లెక్కపెట్టాను. గుడ్డలు నాలుగు. తాళం తిప్పాను. ఇంజన్ ఒకసారి గొంతు సవరించుకుని, అలాగే నడుస్తూ ఉండిపోయింది. దగ్గలేదు.

"సాయంత్రం నేనూ వస్తా," అందామె. "డిశ్చార్జ్ అయ్యాక పేషెంట్ ఎలా ఉందో చూడాలి."

కంపెనీ గేటు దగ్గర నాన్న టిఫిన్ క్యారియర్ పట్టుకుని బయటికి వచ్చాడు. కారుని చుట్టూ ఒకసారి చూసి, నేరుగా డ్రైవర్ డోరు దగ్గరికి వచ్చి చెయ్యి వేశాడు.

"వెనక, నాన్నా."

"ఆఁ, అవును," అని తడబడ్డాడు. ఆమె ముందు సీట్లోంచి దిగి, వెనక డోరు తీసి పట్టుకుంది. నాన్న ఆ డోరుని, ఆమె చేతిని చూశాడు. చెప్పులు నేలకి తుడుచుకుని ఎక్కాడు.

"ఎవర్రా ఈ అమ్మాయి?"

"పై అంతస్తు ఆవిడ నాన్నా. ఈవిడ మాట మీదే ఇంజన్ రెండోసారి విప్పాను."

"అమ్మా, వీడు నేను చెబితే బూటు లేసు కూడా రెండోసారి విప్పడు," అన్నాడు నాన్న. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

దారంతా నాన్న వెనక నుంచి బ్రేక్ తొక్కుతూనే ఉన్నాడు, లేని పెడల్‌ని. సగం దూరం వచ్చాక, "పక్కకి ఆపు," అన్నాడు. దిగి నా డోరు తీశాడు. "నువ్వు వెనక్కి పో."

"నాన్నా, ఇవాళ నువ్వు..."

"కూర్చున్నాను కదా. బాగుంది. చాలు. ఇన్నేళ్ళలో మన కారంటూ నడపలేదు. అమ్మా, నువ్వూ వెనక్కి వెళ్ళు. నాతో మొహమాటపడకండి. వెనక సీటు మాటలు వినకుండా నడపడం నాకు అలవాటు."

ఇద్దరం వెనక కూర్చున్నాం. వాన మళ్ళీ మొదలైంది. ఆమె బ్యాగులోంచి నీలం గుడ్డ తీసి, నా బొటనవేలికి మిగిలిన గ్రీజు తుడిచింది. తుడిచాక, గుడ్డ మడిచి మళ్ళీ బ్యాగులో పెట్టుకుంది. చెయ్యి మాత్రం వదల్లేదు.

"అది నాది," అన్నాను.

"మూడు మీ దగ్గరుంటాయి. ఇది నా దగ్గరుంటుంది."

"లెక్క తేలాలంటే, నాలుగూ ఒకే ఇంట్లో ఉండాలండీ."

"మా పిన్నిని అడగండి," అంది.

ముందు సీట్లో నాన్న వెనక సీటు కనబడే అద్దాన్ని కారు కప్పు వైపు తిప్పేశాడు.

"నాకేం వినబడలేదు," అన్నాడు.

ఆయన్ని ఎవరూ అడగలేదు.