లాన్‌జీ పెట్టని సంతకం

“నా పరువు తీశావు! ఇంకేం మిగిల్చావే నాకు?”

బోయువాన్ అరుపుకి లాన్‌జీ చేతిలో గరిటె ఆగిపోయింది. తెల్లవారితే కొత్త సంవత్సరం! చైనాలోని చెంగ్డూలో ఆ విమానాల ఫ్యాక్టరీ క్వార్టర్సులో ప్రతి వంటింట్లోనూ పొగబెట్టిన సాసేజీలు ఘుమఘుమలాడుతున్నాయి. ఈ ఇంట్లో మాత్రం వారంగా మొగుడూ పెళ్లాల మధ్య మాటల్లేవు. ఇవాళ నోరు విప్పితే ఇవీ!

పాపం, ఆమె చేసిన నేరమల్లా విమానం ఎగరొచ్చని ఒక్క సంతకం పెట్టకపోవడం! గాల్లో శత్రు విమానాలను కూల్చడానికని పుట్టిన యుద్ధవిమానం అది. ఇప్పుడు దానిచేతే సముద్రంలో ఓడలనూ కొట్టించాలని పెద్దలకు ఉబలాటం. ఒక్కటే అన్ని పనులూ చేసేయాలట! అందుకోసం రెక్కల కింద తగిలించే బరువైన కొత్త క్షిపణిని సరిచూసే ఇంజనీరు లాన్‌జీ. దాన్ని తగిలించిన విమానాన్ని ఎగరేసి చూడవలసిన పైలట్ ఆమె భర్త! ఒక పక్క క్షిపణి వదిలేశాక, రెండో పక్కది ఇంకా వేలాడుతుంటే రెక్క వణికిపోతుందని ఆమె లెక్కల్లో తేలింది. నేల మీద మళ్లీ పరీక్షించాలంది. అంతే! మొగుణ్ణి కొంగున కట్టేసుకుందని క్వార్టర్సంతా గుప్పుమంది...

“క్యాంటీన్లో ఏమంటున్నారో తెలుసా? ‘బోయువాన్ పైకెళ్లాలంటే ఇంట్లో పర్మిషన్ కావాలి’ట! పళ్లికిలించి మరీ అంటున్నారు!”

“అననివ్వండి. మీ బదులు ఇంకెవరు ఎక్కుతున్నా నేను సంతకం పెట్టను.”

“ఆ క్షిపణి రెక్కకి చక్కగా సరిపోయింది. నా కళ్లతో నేను చూశాను.”

“తగిలించడానికి సరిపోయిందండీ! వదిలాక ఏమవుతుందనేగా నా ఏడుపు...”

“అయితే ఏడుస్తూ కూర్చో! ఇంకో ఇంజనీరు సంతకం పెడతానన్నాడు. పండగ వెళ్లగానే ఎక్కుతున్నాను. అందాకా పైలట్ల హాస్టల్లో ఉంటా.”

అతను సంచీలో బట్టలు కుక్కుతుంటే లాన్‌జీ గుండె చెరువైంది. ఎవరితో చెప్పుకుంటుంది? అత్తగారు సుజెన్‌తోనా! ఆవిడ భర్తా పైలట్టే. బోయువాన్ ఉయ్యాల్లో ఉండగానే పరీక్షకు తీసుకెళ్లిన విమానంతో పాటు కూలిపోయాడు. “మా ఆయన ఏనాడూ వెనకడుగు వెయ్యలేదు” అని ఆవిడ చెప్పని రోజుండదు. వారంగా కోడలి ముఖమైనా చూడటం లేదు.

సుజెన్ ఏటా పెట్టినట్టే పోయిన భర్త గిన్నెలో అన్నం పెట్టి బల్ల మీద ఉంచి, పక్కన తినే పుల్లలుంచింది. తరవాత లోపలికెళ్లి ఇంకో ఖాళీ గిన్నె తెచ్చి, దాని పక్కనే పెట్టింది.

“అదెవరికమ్మా?” అన్నాడు బోయువాన్.

“నీకేరా. అలవాటు చేసుకుంటున్నా.”

లాన్‌జీ కెవ్వుమంది. “అత్తయ్యా! పండగపూట అవేం మాటలు!”

“నువ్వుండమ్మాయ్... ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్నా, ఇవాళ చెప్పనీ!” సుజెన్ కొడుకు వైపు తిరిగింది. “ఒరేయ్, ఆ రోజు మీ నాన్న బూట్లు తొడుక్కుంటూ, ‘ఇంజన్ చప్పుడు బాలేదు సుజెన్, మనసొప్పట్లేదు, మానేయనా?’ అన్నార్రా. నేనేమన్నానో తెలుసా? ‘నలుగురూ నవ్వుతారు, వెళ్లిరండి’ అన్నా! నేనే పంపాను... నేనే!... నవ్వుతారనుకున్న ఆ నలుగుర్లో ఒక్కడైనా వచ్చి ఈ గిన్నె కడిగాడా? నాకు లేని ధైర్యం నీ పెళ్లానికి ఉంటే, దాన్ని కాల్చుకుతింటావా!”

బోయువాన్ సంచీ కింద పెట్టేశాడు. తండ్రి గిన్నె వైపు చూశాడు. తరవాత ఫోన్ తీశాడు.

“సార్, లాన్‌జీ అడిగిన పరీక్ష అయ్యేదాకా నేను ఎక్కను.”

ఫోన్లో పై అధికారి కేకలు వంటింటిదాకా వినిపించాయి. అతను ఫోన్ పెట్టేశాడు.

“ఏమన్నారండీ?” అంది లాన్‌జీ.

“ఇంకో పైలట్‌ని చూసుకుంటారట. చూసుకోనీ. అతనికీ ఓ ఇల్లుంటుందిగా... రేపు మనిద్దరం వాళ్లింటికెళ్దాం. నీ లెక్కలన్నీ నువ్వు చెప్పు. నవ్వులపాలైనా బతకొచ్చని నేను చెప్తాను.”

లాన్‌జీ ముఖం కప్పుకుని బావురుమంది! బోయువాన్ బల్ల దగ్గర కూర్చుని, తన కోసం పెట్టిన ఆ ఖాళీ గిన్నెను తల్లి ముందుకు చాపాడు.

“ఆకలేస్తోందమ్మా. అన్నం పెట్టవూ?”

“నన్నడుగుతావేంరా? దాన్నడుగు,” అంది సుజెన్ కళ్లు తుడుచుకుంటూ.

లాన్‌జీ ఏడుస్తూనే గిన్నె నిండా వడ్డించింది.