గెడ్డిస్ ఇంటి కిటికీలో దీపం

మా పోర్ట్‌లారిక్ రేవు మీద నుంచి పైకెళ్ళే సందు చివర ఒక రాతి ఇల్లుంది. గెడ్డిస్ ఇల్లంటారు. ఏడాది పొడుగునా తాళం. తాగి తూలేవాళ్ళు కూడా ఆ గోడకి చెయ్యి ఆనించరు, ఇక మీరే అర్థం చేసుకోండి.

ఎందుకంటే... హాలోవీన్ నాడు మాత్రం, ఆ తాళమేసిన ఇంట్లో, కిటికీ దగ్గర దీపం వెలుగుతుంది.

చాలా ఏళ్ళ కిందట, హాలోవీన్ నాడే, ఆ ఇంటి పిల్ల కిర్స్టీ, ఏడేళ్ళది, వేషం కట్టుకుని ఇంటింటికీ వెళ్ళింది. తిరిగి రాలేదు. రేవు గోడ మీద నడుస్తుంటే అల లాక్కుపోయిందన్నారు. శవం కూడా దొరకలేదు. తల్లి ఇంటికి తాళమేసుకుని సిటీకి వెళ్ళిపోయింది. అక్కడే పోయిందని కూడా చెప్పుకున్నారు. ఆ తర్వాతి ఏడు నుంచి మొదలైంది ఈ దీపం. తల్లే దెయ్యమై కూతురి కోసం కూర్చుంటోందని, ఏ పిల్ల దొరికినా వదలదని ఊళ్ళో మాట. లోకులు కాకులు. నేనూ ఒక కాకినే, నాలుగు ముక్కలు నేనూ కలిపాను.

ఇప్పుడు చెప్పబోయేది నేను చూసింది కాదు, మొరాగ్ చెప్పింది. చేపల షెడ్డులో నా పక్కనే నిలబడి చేపలు కోస్తుంది. టీ తాగేటప్పుడు ఎప్పుడో ఒకసారి ఎత్తుతుంది, సగంలో ఆపేస్తుంది. మొత్తం వినడానికి నాకు చాలా టీలు పట్టాయి.

ఇది జరిగిన ఏడు మొరాగ్ కూతురు ఎఫీకి నాలుగేళ్ళు. మొదటిసారి వేషం. అట్టముక్క మీద పిల్లి మొహం గీసి, కళ్ళకి చిల్లులు పెట్టి కట్టింది మొరాగ్. టర్నిప్ దుంప తొలిచి లోపల కొవ్వొత్తి పెట్టింది. అది తొలవడం చూశారా ఎప్పుడైనా? రాయి తొలిచినట్టే. పొద్దుటి నుంచీ కత్తి పట్టిన చేతులతో మళ్ళీ కత్తి.

మా దగ్గర ఊరికే తలుపు కొడితే ఏమీ పెట్టరు. పాటో పద్యమో చెప్పాలి. తర్వాత ఇంటివాళ్ళు ఆ అట్ట వెనక ఎవరో కనిపెట్టాలి. "నువ్వు ఫలానా వాళ్ళ పిల్లవి కదూ?" అని అడుగుతారు. కనిపెట్టేదాకా పిల్ల పేరు చెప్పకూడదు. చెబితే ఆట పోయినట్టే.

"కిటికీలో దీపముంటే తలుపు కొట్టు. లేకపోతే దాటెయ్," అని నేర్పింది మొరాగ్. "పద్యం చెప్పు. పేరు మాత్రం చెప్పకు."

దెయ్యం సంగతి చెప్పలేదు. నాలుగేళ్ళ పిల్లకి ఎవరు చెప్తారు?

ఐదింటికే చీకటి పడింది. నాలుగిళ్ళు తిరిగేసరికి మొరాగ్ కాళ్ళు ఇక నావల్ల కాదన్నాయి. తెల్లారకముందు లేచింది, పైగా ఇంకొకరి పని కూడా చేసొచ్చింది. సందు మొదట్లో వలల కొట్టం అరుగుంటే కూలబడింది.

"ఆ పక్కింటికి నువ్వెళ్ళిరా బంగారం. నేనిక్కడే చూస్తుంటా."

చూస్తూనే ఉంది. ఎఫీ వెళ్ళింది, పద్యం చెప్పింది, వాళ్ళు నవ్వారు...

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. ఆ చలి రాతి మీద, కూర్చున్నది కూర్చున్నట్టే, నిద్రపోయింది.

మెలకువొచ్చేసరికి పక్కింటి తలుపు మూసేసుంది.

"ఎఫీ..."

సందులో అన్ని ఇళ్ళలోనూ దీపాలు ఆర్పేశారు. ఒక్కటే వెలుగు... పైన, చివర.

గెడ్డిస్ ఇంటి కిటికీ.

మొరాగ్ పై ప్రాణాలు పైనే పోయాయి. సందు పైకి పరిగెత్తింది. కలలో పరిగెత్తినట్టుందక్కా, అంది నాతో. అడుగేస్తున్నా గానీ ఇల్లు దగ్గరకి రాదు.

గడప మీద టర్నిప్ దీపం. కొవ్వొత్తి ఇంకా వెలుగుతోంది. తలుపు ఓరగా తెరిచి ఉంది — లోపల నుంచి ఎఫీ గొంతు, మెల్లగా, అలిసిపోయి...

"పీత పీత పక్కకు నడిచె
పడవ మీది పిల్లిని కరిచె..."

తర్వాత ఇంకో గొంతు. ముసలిది. గాలి కంటే కాస్త గట్టిగా, అంతే.

"నువ్వు... కిర్స్టీవి కదూ?"

మళ్ళీ ఆ ముసలి గొంతే.

"నా కిర్స్టీవే కదూ?"

మొరాగ్ చెయ్యి తలుపు మీదుంది. తొయ్యాలంటే చెయ్యి కదలదు. ఎఫీ అవునని అంటే దాన్నిక వదలదేమోనన్న భయం ఒక్కటే ఆమెకి. అనకే తల్లీ, అనకే, అనుకుంటోంది.

లోపల చిన్న గొంతు అంది —

"అవును."

మొరాగ్ తలుపు తోసేసింది.

గదిలో కోటు కూడా విప్పని ఒక ముసలామె కుర్చీలో కూర్చునుంది. ఒళ్ళో చేతిసంచి. పక్కన పళ్ళెంలో ఆపిల్ పళ్ళు, వాల్‌నట్లు. ఎఫీ ఆమె ఎదురుగా నిలబడి ఉంది, అట్టమొహం తియ్యకుండా. ముసలామె ఏడుస్తోంది. దెయ్యాలకి ముక్కు కారదు కదా. మొరాగ్‌కి ఆ ముక్కు చూశాకే ఊపిరొచ్చింది.

"ఎవరి కోసం అమ్మాయ్?" అందామె.

"నా కూతురి కోసం."

"నేనూ అంతే."

ఆమె పోలేదు. బతికే ఉంది. ఏటా ఈ రోజు చీకటి పడ్డాక సిటీ నుంచి బస్సులో వచ్చి, దీపం పెట్టి, ఆఖరి బస్సుకి వెళ్ళిపోతుంది. చీకట్లో పిల్లకి ఇల్లు తెలియాలిగా, అంది. పోనీ ఊరి పిల్లలైనా వస్తారని ఆపిల్ పళ్ళు తెస్తుంది. దీపముంటే తలుపు కొట్టమని పిల్లలకి మేమే నేర్పుతాం. ఆ ఒక్క దీపాన్ని చూసి మాత్రం మేమే పారిపోయాం. ఇన్నేళ్ళూ ఒక్కరూ తలుపు కొట్టలేదు. సిగ్గేసిందక్కా, అంది మొరాగ్. నాకూ వేసింది.

దీని పేరు ఎఫీ అండీ అని చెప్దామనుకుంది మొరాగ్. ఆ ముసలి మొహం చూశాక నోరు రాలేదు. అలిసిపోయిన పిల్ల ఇంటికెళ్ళాలని అవునందిలే, పోనీ అనుకుంది.

"బస్సుకి టైమవుతోందేమో, కిందదాకా దిగబెట్టనా?"

"ఇవాళ వెళ్ళను." ముసలామె ఒక ఆపిల్ ఎఫీ సంచిలో వేసింది. ఇంకొకటి పొయ్యి పక్కనున్న చిన్న పీట మీద పెట్టింది. కిటికీ దగ్గరికెళ్ళి దీపం ఊదేసింది. "వచ్చేసింది కదా. ఇంకా దీపమెందుకు?"

ఆ చలికాలంలోనే ఆమె పోయిందని తెలిసింది, సిటీలో, నిద్రలోనే. మరుసటి ఏడు నుంచి ఆ కిటికీ చీకటి. దెయ్యం వదిలిందని ఊరు ఊపిరి పీల్చుకుంది.

మొరాగ్ ఎప్పుడూ ఇక్కడే ఆపేసేది. మొన్న షెడ్డులో చేతులు కడుక్కుంటూ మిగతాది చెప్పింది.

ఆ రాత్రి ఎఫీని చంకనేసుకుని సందు దిగుతోందట. పిల్ల తల భుజం మీద వాలిపోతోంది.

"అమ్మా... నేను పేరు చెప్పలేదు."

"చెప్పలేదులే బంగారం. అవునన్నావు, అంతేగా."

"నేనన్లేదు."

మొరాగ్ ఆగింది.

"మరి ఎవరన్నారే?"

"నా వెనకాల వచ్చిన అక్క."

వెనక్కి తిరిగి చూసింది. సందులో ఎవరూ లేరు. పైన ఇల్లు చీకట్లో కలిసిపోయింది.

"ఏదీ... ఆ అక్క?"

ఎఫీకి అప్పటికే కళ్ళు మూతలు పడుతున్నాయి.

"లోపలే ఉండిపోయింది. తిరిగి తిరిగి అలిసిపోయిందట."